పెరిగితే పొడి

మా ఆయన చేతులు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఆ గోళ్ళు చూసి మా అమ్మ మెకానిక్ అనుకుంది. కాదు, కాలేజీ ల్యాబులో మాస్టారు అని తెలిశాక ఇంకా దిగులుపడింది. మెకానిక్ అయితే ఏ ఊళ్ళో ఉన్నా తిండికి లోటుండదని ఆవిడ లెక్క. మా తమ్ముడు మాత్రం అక్కడికక్కడే మసిబావ అని పేరు పెట్టేశాడు. ఆ పేరు వీధంతా పాకింది. ఈయనకి కోపం రాలేదు. "మసి కాదురా, కర్బనం" అన్నారు, అంతే.

నేనూ తమ్ముడూ ఒకేచోట పనిచేసేవాళ్ళం. ఊరి చివర, రైలు పట్టాల పక్కన గింజల డిపో. ఇనపరేకుతో కట్టిన గుండ్రటి గోదాములు వరసగా నిలబడి ఉంటాయి. ఆఫీసువాళ్ళు వాటిని సైలోలంటారు, మేం డబ్బాలంటాం. ఒక్కొక్కటి నాలుగంతస్తుల మేడంత ఎత్తు. పైనుంచి మొక్కజొన్న పోస్తారు, అడుగున మూతి తెరిస్తే లారీలోకి జారుతుంది. నేను గేటు దగ్గర కాటా గదిలో కూర్చుని లారీలు తూస్తాను. తమ్ముడిది డబ్బాల మీద పని. సన్నగా, ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. డిపోలో అందరూ పిచ్చుక అనేవాళ్ళు. బరువు లేని మనిషి కాబట్టి గింజల మీద నడవాల్సి వస్తే వాణ్ణే పంపేవాళ్ళు.

ఆ నడకేమిటో చెప్పాలి. మొక్కజొన్నకి తేమ తగిలితే పైపొర అట్టకడుతుంది. అడుగున మూతి తెరిచినప్పుడు కింది గింజ జారిపోతుంది, పై అట్ట మాత్రం అలాగే నిలబడిపోతుంది. మధ్యలో అంతా ఖాళీ. పైనుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది. కాలు పెట్టినవాడు అట్టతో సహా కిందికి పోతాడు, చుట్టూ ఉన్న గింజ వాడి మీదికి వస్తుంది. ఎంత ఈతగాడైనా అందులో ఈదలేడు. అందుకని అట్టకట్టిందో లేదో ముందే తెలియాలి. అది తెలుసుకోవడానికి మా డిపోలో ఉన్న పద్ధతి ఒక్కటే. పిచ్చుక లోపలికి దిగి, గింజల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూడాలి. అట్ట ఉందో లేదో చూడటానికి అట్ట మీదే నడవాలన్నమాట! ఎవడు కనిపెట్టాడో గానీ వాడి బుర్రకి దణ్ణం పెట్టాలి. తమ్ముడు నిచ్చెనెక్కినప్పుడల్లా నాకు కాటా మీద అంకెలు కనిపించేవి కావు.

ఇంట్లో మొగుడి చెవిలో జోరీగనై పోరు పెట్టాను. "మీ సిరా గాల్లో తేమని కనిపెడుతుందని గొప్పలు చెప్తారుగా. ఆ గొప్పేదో మా డబ్బాల్లో పెట్టండి. వాడు లోపలికి దిగకుండా చూడండి."

ఆయన సిరా సంగతి నాకు అర్థమైనంత మటుకు చెప్తాను. కర్బనాన్ని కంటికి ఆనని పలచటి పొరలుగా చేస్తారు. దాన్ని నీళ్ళలో కలిపి కుంచెతో కాగితం పట్టీ మీద పూస్తారు. ఆరాక రెండు చివర్లా రెండు తీగలు అతికిస్తారు. పట్టీకి తేమ తగిలితే దానిలోంచి కరెంటు సులువుగా పోతుంది, మీటరు మీద అంకె పడిపోతుంది. ఆరితే కరెంటుకి దారి కష్టమవుతుంది, అంకె పెరుగుతుంది. అంతే. పైదేశపు మీటర్లు కొనడానికి మా మేనేజరుకి చేతులు రాలేదు. ఈయన పట్టీ మాత్రం టీ తాగినంత ఖర్చుతో తయారవుతుంది. ఆయన గర్వమంతా అక్కడే ఉంది. తేమని కనిపెట్టే సాధనాలు లోకంలో ఎన్నో ఉన్నాయి, ఇంత చవకది లేదు, అనేవారు.

మొదటి పట్టీలు తీగలకి కట్టి డబ్బాల్లోకి వేలాడదీసిన రోజు తమ్ముడి సంబరం చూడాలి. ఆయన పక్కనే నిలబడి పనివాళ్ళకి పాఠం చెప్పాడు. "అంకె పెరిగితే పొడి, అంకె పడితే తడి. విన్నారా? పెరిగితే పొడి, పడితే తడి!" చప్పట్లు కొడుతూ అదే పాట చేశాడు. బస్తాలు మోసేవాళ్ళూ, ఊడ్చే ఆడవాళ్ళూ, చివరికి ఊరకే విసుక్కునే మేస్త్రీ కూడా ఆ పాటే. పొడి అంటే దిగొచ్చు, తాడు కూడా అక్కర్లేదు. తడి అంటే మనిషి దిగకూడదు, పై కిటికీలోంచి పొడుగు గెడలతో పొడవాలి. ఆ ఏడాదంతా వాడు చెయ్యి పెట్టి తేమ చూసే పని లేకుండా పోయింది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఈయనకి పళ్ళు పట్టుకొచ్చి ఇచ్చింది. "అన్నయ్యా, నువ్వు నా ఇల్లు నిలబెట్టావు" అంది. ఈయన ఆ నల్లచేతులతో పళ్ళు అందుకోవడానికి మొహమాటపడి నన్ను తీసుకోమన్నారు.

వానాకాలం దాటాక చిక్కొచ్చింది. బాగా నానిన పట్టీలు మళ్ళీ సరిగ్గా ఆరలేదు, అంకెలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఈయన పట్టువదలని మనిషి. కొన్ని నెలలు ల్యాబులోనే పడి ఉండి రెండో సిరా చేశారు. ఇది పొరల సిరా కాదు, సన్నటి కర్బనపు గొట్టాల సిరా. ఇంకా చవక, ఎన్నిసార్లు తడిసినా చెక్కుచెదరదు. ఒక్కటే తేడా. గొట్టాలు ఒకదాన్నొకటి చేతులు పట్టుకున్నట్టు తగిలి ఉంటేనే కరెంటు పోతుంది. తేమ తగిలితే వాటి మధ్యనున్న జిగురు ఉబ్బి చేతులు విడిపోతాయి. అంటే తడిస్తే అంకె పెరుగుతుంది. మొదటి సిరాకి సరిగ్గా తలకిందులు.

"మరి వీళ్ళకి అలవాటైన పాట?" అన్నాను.

"మారుస్తారు. దానికేముంది?"

"అంకె గోలంతా ఎందుకండీ? తడిస్తే ఎర్రదీపం వెలిగేలా చెయ్యొచ్చుగా. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది."

"దీపం, దానికో పెట్టె, పెట్టెలో నాలుగు సామాన్లు. అప్పుడు చవక ఎలా అవుతుంది?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

కొత్త పట్టీలు వేసిన రోజు ఆయనే వచ్చి అందరినీ నిలబెట్టి చెప్పారు, నేను కాదనను. ఒకటికి రెండుసార్లు చెప్పారు, అందరి చేతా అనిపించారు. ఇకనుంచి పెరిగితే తడి, పడితే పొడి. తమ్ముడు తల గోక్కున్నాడు. "బావా, ఈ పాట కూడా ప్రాస బాగానే కుదిరిందే! పాతదో కొత్తదో పోల్చుకోవడం ఎలాగ?" అందరూ నవ్వారు, ఈయనా నవ్వారు. అసలు ప్రమాదమంతా ఆ ప్రాసలోనే ఉందని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. తడికీ పొడికీ అంత బాగా జోడీ కుదరకపోయి ఉంటే, తప్పుగా అన్నప్పుడు పాట కుంటేది, ఎవరో ఒకరు ఆగి చూసేవారు. మన భాషకి ఆ రెండు మాటలూ కవలపిల్లలు. ఏది ముందు నిలబడినా వరస చెడదు.

తరవాతి వానల్లో జరిగింది ఇది. ముసురు పట్టి విడవడం లేదు. మూడో డబ్బా కింద లారీ పెట్టి మూతి తెరిచారు. సగం లారీ నిండాక గింజ రావడం ఆగిపోయింది. మూతి మూసేశారు. వెనక లారీలు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి, మేనేజరు మేడ మీదనుంచి కేకలు. మేస్త్రీ మీటరు చూసి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఇద్దరూ వాదించుకుంటున్నారు.

"పెరిగిందంటే తడిరా. మాస్టారు మార్చారుగా" అన్నాడు మేస్త్రీ.

"మార్చారు నిజమే. మూడో డబ్బాకి కొత్తది వేశారా, ఇంకా పాతదే ఉందా? అది చెప్పు ముందు. ఎందుకొచ్చిన గోల, బావనే అడుగుదాం" అన్నాడు తమ్ముడు.

ఈ మాట నేను పదేపదే చెప్తూనే ఉంటాను. వాడు దూకుడుగా పోలేదు. అడిగి వెళ్ళాడు.

మేస్త్రీ ఫోను చేసి, హారన్ల మధ్య వినపడదని స్పీకరు పెట్టి నా బల్ల మీద ఉంచాడు. అవతల ఈయన పిల్లలకి ప్రాక్టికల్స్ చేయిస్తున్నారు. గాజుసామాను చప్పుడు, పిల్లల గొడవ వినిపిస్తున్నాయి.

"సార్, మూడో డబ్బాలో మీటరు పెరిగింది సార్. బాగా పెరిగింది."

"పెరిగిందా? పడలేదుగా?"

"లేదు సార్, పెరిగింది."

"పెరిగితే పొడేనయ్యా! పెరిగితే పొడి, పడితే తడి. మీరు కట్టిన పాట మీరే మర్చిపోతే ఎలా?"

అవతల పిల్లలు నవ్వారు. ఈయనా నవ్వి ఫోను పెట్టేశారు.

మేస్త్రీ ఇంకా తటపటాయిస్తూ నిలబడ్డాడు. "సిరా చేసినాయనే చెప్పాక మళ్ళీ నీ అనుమానమేంటి? మూతి దగ్గర చెత్త అడ్డం పడుంటుంది, పైనుంచి దిగి పొడిచొస్తాను" అన్నాడు తమ్ముడు. చువ్వ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ నావైపు తిరిగి, "అక్కా, టీ వస్తే నా గ్లాసు మీద మూతపెట్టు, ఈగలు పడతాయి" అన్నాడు. పొడి కదా, తాడు కట్టుకోలేదు.

నేను ఒక లారీని తూచి, చీటీ చింపి డ్రైవరు చేతికి ఇస్తున్నాను. పైనుంచి కేక వినపడింది. వాడి గొంతు కాదు, నిచ్చెన మీదున్న ఇంకో పనివాడిది. తమ్ముడి గొంతు నాకు అసలు వినపడనేలేదు. అరవడానికి వాడికి సందు దొరకలేదట.

డబ్బా గోడని గ్యాసుకట్టరుతో కోశారు. కోసినచోటునుంచి మొక్కజొన్న పసుప్పచ్చగా ధారకట్టి నేలంతా పారింది. మేమంతా చేతులతో, చేటలతో, రేకులతో పక్కకి లాగుతున్నాం. మరదలు ఎప్పుడొచ్చిందో తెలియదు, నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని కుక్కలా తవ్వుతోంది. ముందు చువ్వ వచ్చింది. వాడు చాలాసేపటికి వచ్చాడు. నోట్లో గింజలు, ముక్కులో గింజలు, పిడికిట్లో గింజలు. అట్టకట్టిన ముక్కలు వాడితోపాటే జారి వచ్చాయి, ఒక్కొక్కటి గడపచెక్కంత మందం. అన్నీ బూజుపట్టి ఉన్నాయి. ఇంత తడి ఎక్కడా చూడలేదన్నారు కట్టరు పట్టుకున్నవాళ్ళు.

అప్పుడొచ్చారు ఈయన, స్కూటరు గేటు దగ్గరే పడేసి. తమ్ముణ్ణి చూశారు. నన్ను చూశారు. అక్కడినుంచి తిన్నగా మీటరు దగ్గరికి పరిగెత్తి అంకె చూసుకున్నారు. మూడో డబ్బాకి ఉన్నది కొత్త పట్టీయే. వెనక్కి తిరిగి మేస్త్రీ చొక్కా పట్టుకున్నారు.

"తడి అని చెప్పానుగా! తడి అని చెప్పాను కదయ్యా నీకు! ఎందుకు పంపావు వాణ్ణి?"

మేస్త్రీ నోరు తెరిచి ఈయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ తరవాత నావైపు చూశాడు. నేను తమ్ముడి నోట్లోంచి గింజలు తీస్తున్నాను. తల ఎత్తలేదు.

ఆ మాట మేనేజరు చెవిన పడనే పడింది. ఆయనకి దేవుడు దిగివచ్చి వరమిచ్చినట్టయింది. మాస్టారు తడి అని చెప్పారు, పనివాడు పెడచెవిన పెట్టి తాడు లేకుండా దిగాడు, మేస్త్రీ ఆపలేదు. సాయంత్రానికి డిపో మాట అదే అయింది. మేస్త్రీని పనిలోంచి ఆపేశారు, పోలీసులు పిలిపించి కూర్చోబెట్టారు. కోసిన డబ్బాలోని మొక్కజొన్నని మాత్రం మర్నాడే లారీలకెత్తి, ఎవరో గుమాస్తాని కూర్చోబెట్టి, నా కాటా మీదే తూచి పంపేశారు.

ఈయన అబద్ధమాడారా? దీని గురించి నేను ఆలోచించినంతగా ఎవరూ ఆలోచించి ఉండరు. అబద్ధమాడితే ఈయన చెవులు ఎర్రబడతాయి. పోలీసులకి చెప్పేటప్పుడు పక్కనే ఉండి చూశాను, ఎర్రబడలేదు. తడి అన్నానని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. రెండో సిరా ఆయన చేసింది. పెరిగితే తడి అన్నది లోకంలో అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. తెలిసిన మనిషి నోట తెలియని మాట ఎలా వస్తుంది, అన్నది ఆయన లెక్క. నోటికి లెక్కలు రావని ఆయనకెవరు చెప్తారు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దవాళ్ళు. మా ఇంట్లో ఒకరి నోరు జారితే ఇంకొకరి కాలు జారింది. రెండూ తీసుకోలేకపోయాం.

ఆయన రోజూ భోజనం దగ్గర అదే మాట. "ఒక్క మాట విని ఉంటే బతికేవాడు కదే వాడు." కన్నీళ్ళు కంచంలో పడేలా ఏడ్చేవారు. నేను కూర వడ్డించేదాన్ని. ఆయనకి నిజం చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెప్తే ఈయన మిగలరు. తమ్ముణ్ణి గింజల్లోంచి తీశాను, ఈయన్ని ఎందులోంచి తియ్యను? అలా అనుకుని మింగేసేదాన్ని. అంత ప్రేమా అంటే ప్రేమే. అదే కంచం ఆయన నెత్తిన వేసి కొట్టాలని కూడా ఉండేది. రెండూ ఒకేసారి ఉండేవి.

మరదలిది ఇంకో నరకం. ఆమె ఏడవడం లేదు, తిడుతోంది. గోడకి పెట్టిన ఫోటోని బోర్లా తిప్పేసింది. "తడి అని చెవిలో చెప్పాక కూడా దిగాడంటే ఏమిటి వదినా దానర్థం? నేనూ పిల్లా గుర్తుకి రాలేదనేగా? నా మొహాన ఉమ్మేసి పోయినట్టేగా?" నేను వెళ్ళినప్పుడల్లా ఇదే. ఒకరోజు కూతురికి జడవేస్తూ చెప్తోంది. "మీ నాన్నకి మాట వినడం చేతకాదు. అందుకే పోయాడు. నువ్వైనా నేర్చుకో." ఆ పిల్ల బుద్ధిగా తల ఊపింది. ఆ గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

మేస్త్రీని గేటు లోపలికి రానివ్వడం లేదు. కాటా గది కిటికీ రోడ్డువైపు ఉంటుంది, అక్కడికి వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది.

"అమ్మా, నేను చెప్తే ఎవరూ నమ్మడం లేదు. మాస్టారికి తెలియదా, నువ్వే తప్పు విన్నావంటున్నారు. ఒక్కోసారి నాకే అనుమానమొస్తోంది. ఫోను నీ బల్ల మీదే ఉంది. నువ్వు విన్నావు కదమ్మా?"

"అప్పుడు లారీ తూస్తున్నాను మేస్త్రీ" అన్నాను.

కిటికీ చువ్వలు పట్టుకున్న చేతులు తీసేసి వెళ్ళిపోయాడు. కాటా గదిలో ఇన్నేళ్ళుగా కూర్చున్నాను, అంత తప్పుడు తూకం ఎప్పుడూ వెయ్యలేదు.

ఎంక్వైరీకి ప్రభుత్వం తరఫున ఒక ఆఫీసరమ్మ వచ్చింది. మేనేజరు గదిలోనే పెట్టారు. ఆవిడ ఒక పక్క, మేనేజరు ఇంకో పక్క. మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మరదలు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఈయనా నేనూ ఎదురు కుర్చీల్లో. మేనేజరు చెప్పాల్సింది గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మేస్త్రీ, "మాస్టారు పొడి అన్నట్టే నాకు వినపడిందమ్మా" అన్నాడు. వినపడింది అన్నాడు, అన్నారు అని గట్టిగా నిలబడలేకపోయాడు. ఆవిడ అదే రాసుకుంది.

"మాస్టారూ, నాకు మీ సైన్సు తెలియదు. ఈ పట్టీ సంగతి తేలిక మాటల్లో చెప్పండి" అంది.

ఈయన ఉత్సాహంగానే లేచారు. పాఠం చెప్పమంటే ఆయనకి దుఃఖం కూడా కాసేపు పక్కకి తప్పుకుంటుంది. సంచీలోంచి పట్టీ తీసి మీటరుకి తగిలించి ఆవిడ ముందు పెట్టారు. "ఇది కొత్త సిరా అండీ. మన ఊపిరిలో తేమ ఉంటుంది. చూడండి." వంగి పట్టీ మీద మెల్లగా ఊదారు. అంకె చకచకా ఎక్కింది. "చూశారా, అంకె పెరుగుతోంది. ఎంత తేలిక అంటే పనివాళ్ళు కూడా పాటలాగా నేర్చుకున్నారు. పెరిగితే పొడి, పడితే తడి."

ఆయన ఊపిరితో పట్టీ ఇంకా చెమ్మగానే ఉంది. అంకె ఇంకా పైనే ఉంది.

"క్షమించాలి. అది పాత సిరాకి" అన్నారు ఈయన. "దీనికి పెరిగితే తడి. తడి."

"ఫరవాలేదు" అంది ఆఫీసరమ్మ. రాసిన మాట మీద గీత కొట్టి పైన ఇంకో మాట రాసుకుంది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. మేస్త్రీ మాత్రం గోడనుంచి విడివడి నిటారుగా నిలబడ్డాడు. నేను ఈయన మొహమే చూస్తున్నాను. ఇప్పుడైనా తట్టిందా? ఇప్పుడైనా ఆగి, అమ్మా, ఒక్క నిమిషం, ఆ రోజు కూడా, అంటారా? ఎదురుచూశాను. నా మొగుడు ఆ మాట తనంతట తాను అనాలని ప్రాణాలన్నీ కళ్ళలో పెట్టుకుని ఎదురుచూశాను. ఆయన పట్టీని రుమాలుతో తుడిచి, జాగ్రత్తగా కవరులో పెట్టుకున్నారు. "ఇదంతా స్పష్టంగా వివరించాకే వాడారండీ. ఆ రోజు ఫోనులో కూడా తడి అనే చెప్పాను" అన్నారు. చెవులు ఎర్రబడలేదు.

నేను లేచాను.

"అమ్మా, ఫోను నా బల్ల మీదే ఉంది. స్పీకరులో విన్నాను. ఆ రోజూ ఇలాగే అన్నారు, ఇదే పాట. ఇప్పుడు మీ ముందు దిద్దుకున్నారు. ఆ రోజు దిద్దుకోలేదు."

మేనేజరు ఏదో అనబోయాడు. ఆఫీసరమ్మ చేత్తో ఆపింది. స్టూలు కిర్రుమని చప్పుడైంది. మరదలు లేచి నా దగ్గరికి వచ్చింది.

"అయితే ఆయనకి పొడి అనే చెప్పారా వదినా?"

"పొడి అనే చెప్పారు."

"అడిగే వెళ్ళాడా?"

"అడిగే వెళ్ళాడే తల్లీ. బావనే అడుగుదాం అన్నాడు."

ఆమె ఈయనవైపు చూడనైనా లేదు. నేల మీద కూలబడి, "అయ్యో, నిన్నెన్ని మాటలన్నానయ్యా" అని గుండెలు బాదుకుంది. తమ్ముడు పోయాక ఆమె వాడికోసం ఏడవడం అదే మొదలు.

తిరుగుదారిలో ఆయన స్కూటరు నడపలేక డిపోలోనే వదిలేశారు. ఇద్దరం నడిచాం. ముసురు లేదు, ఎండ కాస్తోంది. పట్టాలు దాటాక ఆయన ఆగారు.

"నిజంగా అలాగే అన్నానా?"

"అన్నారు. నవ్వుతూ అన్నారు."

ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నారు, ఎవరివో అన్నట్టు. మళ్ళీ నడిచారు. మా వీధి మలుపు దగ్గర మళ్ళీ ఆగారు.

"నీకు మొదటిరోజే తెలుసు."

"తెలుసు."

"తెలిసి ఇన్నాళ్ళూ నాకు అన్నం పెట్టావా?"

ఎన్నో ప్రశ్నలుండగా ఆ ఒక్కటీ అడిగినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. జాలీ వేసింది.

"మీకు ఆకలేసేది. పెట్టాను."

"ఇకమీదట?"

తాళం తీసి లోపలికి వెళ్ళాను. ఆయన మెట్ల మీదే నిలబడిపోయారు. నేను తలుపు వెయ్యలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు.